క్వాడ్రపుల్ మార్కర్‌లో ‘హై రిస్క్’ అని వస్తే ఉమ్మనీటి పరీక్ష చేయించాలా? కావలి నుంచి నా అనుభవం

కందుకూరు నుంచి మీరు అడిగిన ప్రశ్న చదివాను. మీ శ్రీమతికి 34 ఏళ్లని, పదిహేడో వారం నడుస్తోందని, క్వాడ్రపుల్ మార్కర్ అనే రక్తపరీక్ష రిపోర్టులో డౌన్ సిండ్రోమ్‌కు (బిడ్డలో 21వ క్రోమోజోము ఒకటి అదనంగా ఉండే స్థితి) 1:140 అని వచ్చిందని, డాక్టరుగారు ఉమ్మనీటి పరీక్ష చేయించమంటే మీ అమ్మగారు కడుపులో సూది దింపితే బిడ్డ దక్కదని ఒప్పుకోవడం లేదని రాశారు. మీది మేనరికమని కూడా రాశారు. నేను డాక్టరును కాను. కావలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. ఆరేళ్ల కిందట, నా 36వ ఏట, రెండో కాన్పు సమయంలో ఇలాంటి రిపోర్టే చేతికి వచ్చి, చివరికి ఆ పరీక్ష చేయించుకున్నాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ 1:140 సంగతి. అదే రిపోర్టు వచ్చిన 140 మంది గర్భిణులను ఒకచోట నిలబెడితే వారిలో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉండవచ్చని, మిగిలిన 139 మంది బిడ్డలకు ఉండదని దాని అర్థం. అంటే నూటికి ఒకటి కంటే తక్కువ. సాధారణంగా 1:250 దాటి దగ్గరకు వస్తే ల్యాబులు దానిని హై రిస్క్ అని ఎర్రగా అచ్చు వేస్తాయి. ఆ గీత ఎవరికి తదుపరి పరీక్ష చెప్పాలో తేల్చడానికి గీసుకున్నదే గాని, బిడ్డకు జబ్బు ఉందని చెప్పేది కాదు. పిల్లలకు సంభావ్యత లెక్కలు చెప్పే నాకే ఆ రోజు ఈ మాట తోచలేదు. రిపోర్టు మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, నెల్లూరు బస్టాండులో రెండు బస్సులు వదిలేసి కూర్చున్నాను.

ఇక రిపోర్టులో మీరు అన్నిటికంటే ముందు చూడవలసింది ఆ అంకె కాదు, పై భాగంలో రాసిన వివరాలు. గర్భానికి ఎన్ని వారాలని రాశారు, ఆ వారాలను చివరి నెలసరి తేదీని బట్టి లెక్కవేశారా, మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌ను బట్టి లెక్కవేశారా అన్నది చూడండి. నా విషయంలో నమూనా తీసుకున్నచోట నెలసరి తేదీని మాత్రమే అడిగి రాసుకున్నారు. నాకు నెలసరి నలభై రోజులకు పైగా సాగేది కాబట్టి అసలు గర్భం వారు రాసిన దానికంటే దాదాపు పన్నెండు రోజులు చిన్నది. ఈ తేడా లెక్కను తలకిందులు చేస్తుంది. తల్లి రక్తంలో ఎ.ఎఫ్.పి. అనే ప్రోటీను ఆ దశలో వారం వారం పెరుగుతుంది, హెచ్.సి.జి. అనే హార్మోను తగ్గుతూ వస్తుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న గర్భాలలో మొదటిది తక్కువగా, రెండవది ఎక్కువగా కనిపించడం మామూలు. గర్భాన్ని ఉన్నదానికంటే పెద్దదిగా లెక్కవేస్తే ఏ జబ్బూ లేకపోయినా సరిగ్గా ఇదే పోలిక కనిపిస్తుంది. స్కాన్ తేదీతో మళ్లీ లెక్కవేయించగా నా 1:60 కాస్తా 1:190 అయింది. రక్తం మళ్లీ ఇవ్వవలసిన పని కూడా లేకపోయింది. బరువు, మధుమేహం, కవలలు, ఐ.వి.ఎఫ్. గర్భం వంటివి కూడా ఈ లెక్కను మారుస్తాయి గనుక అవన్నీ సరిగా రాశారో లేదో చూసుకోండి.

సరిచేసిన తరువాత కూడా నాది 1:250 గీతకు ఇవతల, హై రిస్క్ వైపే ఉంది. అప్పుడు మా ముందు రెండు దారులు మిగిలాయి. ఒకటి ఎన్.ఐ.పి.టి. అనే రక్తపరీక్ష, రెండవది ఉమ్మనీటి పరీక్ష. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే సి.వి.ఎస్. అనే పరీక్ష కూడా ఉంది గాని, దాని గడువు మీకూ దాటిపోయింది.

ఎన్.ఐ.పి.టి.లో తల్లి రక్తంలో తిరిగే మాయ తాలూకు డి.ఎన్.ఎ. తునకలను పరీక్షిస్తారు. పదో వారం నుంచి చేయవచ్చు, బిడ్డ జోలికి పోనక్కరలేదు, డౌన్ సిండ్రోమ్ విషయంలో నూటికి 99కి పైగా కేసులను పట్టుకుంటుంది. ఇంత మంచి పరీక్ష ఉండగా సూది ఎందుకని మీరు అడిగారు. ఎందుకంటే అది పరీక్షించేది మాయనే గాని బిడ్డను కాదు. అరుదుగా మాయలో ఉన్న తేడా బిడ్డలో ఉండదు. అందుచేత అందులో తేడా కనిపించినా దానిని నిర్ధారించడానికి మళ్లీ ఉమ్మనీటి పరీక్షే చేయాలి, దాని ఒక్కదాని మీద ఆధారపడి గర్భం గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. అయితే అందులో లో రిస్క్ అని వస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు, అలా ఆగడంలో తప్పు లేదు. మీ అమ్మగారి భయం తీరనిదైతే, బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే టిఫా స్కాన్‌లో కూడా ఏ లోపమూ కనిపించకపోతే, మీ డాక్టరుగారితో ఈ దారి గురించి మాట్లాడమనే చెబుతాను. నేను మాత్రం నేరుగా ఉమ్మనీటి పరీక్షకే వెళ్లాను, ఎందుకంటే సంభావ్యతల మీద ఇంకో సంభావ్యత తెచ్చుకుని నిద్రపోగల మనిషిని కాను.

మా డాక్టరుగారి సలహా మీద పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, రాత్రి బంధువుల ఇంట ఉండి, మర్నాడు పొద్దున చేయించుకున్నాము. అప్పటికి స్కాన్ లెక్కన పదిహేడో వారం. పదిహేను వారాలు నిండకముందు ఈ పరీక్ష చేయరు; మరీ తొందరగా చేసినవాటిలో గర్భస్రావాలు, బిడ్డ పాదాలు వంకరపోవడం ఎక్కువగా కనిపించాయి. పడుకోబెట్టి, పొట్ట శుభ్రం చేసి, స్కాన్ ప్రోబు ఆనించి, బిడ్డకూ మాయకూ దూరంగా ఉమ్మనీరు ఎక్కువగా ఉన్న చోటు వెతికి, తెర మీద సూది మొన కనిపిస్తూ ఉండగానే లోపలికి దించారు. మత్తు ఇవ్వలేదు. చర్మం దగ్గర మామూలు ఇంజెక్షన్ నొప్పి, గర్భసంచి గోడ దాటేటప్పుడు లోపల ఎవరో పట్టి పిండినట్లు ఒక్క క్షణం. మొదట వచ్చిన కొన్ని చుక్కలలో తల్లి కణాలు కలిసే అవకాశం ఉంటుందని వాటిని పక్కన పెట్టి, తరువాత దాదాపు ఇరవై మిల్లీలీటర్లు తీశారు. లేత పసుపు రంగులో ఉంది. ఆ నీటిలో బిడ్డ చర్మం నుంచీ మూత్రనాళం నుంచీ రాలిన కణాలు తేలుతుంటాయి, వాటి క్రోమోజోములనే చూస్తారు. సూది లోపల ఉన్నది రెండు నిమిషాలకు మించదు. నేను తెర వైపు చూడలేదు, చూసిన మా వారికే కళ్లు తిరిగి బయట బల్ల మీద కూర్చోబెట్టవలసి వచ్చింది.

మీ అమ్మగారి మాటను కొట్టిపారేయవద్దు. ఆ భయానికి ఆధారం ఉంది, కాకపోతే దాని పరిమాణం వారు అనుకునేంత లేదు. ఒకప్పుడు ఈ పరీక్ష వల్ల నూటికి ఒకరికి గర్భస్రావం జరుగుతుందని చెప్పేవారు. స్కాన్ చూస్తూ అనుభవం ఉన్నవారు చేసే ఈ రోజుల్లో అది రెండువందలకు ఒకటి కంటే తక్కువని, చాలాచోట్ల అంతకంటే బాగా తక్కువని చెబుతున్నారు. సూది బిడ్డకు గుచ్చుకోవడం చాలా అరుదు. కాబట్టి ఇలాంటి పరీక్షలు ఎంత తరచుగా చేస్తారని ఆ డాక్టరును నేరుగా అడగండి; మేము అడిగితే వారేమీ నొచ్చుకోలేదు. తరువాత రెండు రోజులు బరువులెత్తకుండా ఉంటే చాలు, నెల రోజులు మంచం దిగకూడదన్న మాటలు వినవద్దు. కొద్దిపాటి పొత్తికడుపు నొప్పి మామూలే. నీరు కారడం, రక్తం కనిపించడం, జ్వరం, తగ్గని నొప్పి ఉంటే మాత్రం రాత్రి అయినా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అన్నిటికంటే కష్టమైనది ఎదురుచూపు. 13, 18, 21 సంఖ్యల క్రోమోజోముల వరకు ఫిష్ లేదా క్యూ.ఎఫ్.-పి.సి.ఆర్. అనే త్వరగా తేలే పద్ధతుల్లో రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. పూర్తి క్రోమోజోముల పటం కావాలంటే కణాలను పెంచాలి, దానికి రెండు మూడు వారాలు పడుతుంది. మాకు నాలుగో రోజున ఫోను వచ్చింది, ఆ మూడూ మామూలుగా ఉన్నాయన్నారు. పూర్తి రిపోర్టు పంతొమ్మిదో రోజున వచ్చింది. ఆ మధ్యలో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మా అత్తమ్మ చలిమిడి పెట్టి గాజులు తొడుగుతుంటే నవ్వుతూ కూర్చోవడం సూదికంటే కష్టమనిపించింది. వెళ్లకముందే మేమిద్దరం ఒక మాట అనుకున్నాము: ఫలితం చెడ్డదైతే ఏం చేస్తామన్నది అప్పుడు కాదు, ఇప్పుడే మాట్లాడుకోవాలని. ఫలితం ఏదైనా బిడ్డను కంటామనుకునేవారికి కూడా ఈ పరీక్ష ఉపయోగపడుతుంది, ఎందుకంటే డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలలో దాదాపు సగం మందికి గుండె లోపాలు ఉంటాయి, ముందే తెలిస్తే పిల్లల గుండె వైద్యం అందే ఊళ్లో కాన్పు పెట్టుకోవచ్చు.

మీరు వేసుకున్న లెక్కలో ఒకటి సరిచేయాలి. మేనరికం వల్లనే ఈ రిస్క్ వచ్చిందని రాశారు. డౌన్ సిండ్రోమ్ ఎక్కువ భాగం అండం ఏర్పడేటప్పుడు 21వ క్రోమోజోము సరిగా విడిపోకపోవడం వల్ల వస్తుంది, తల్లి వయసుతో పెరుగుతుంది: 25 ఏళ్ల వయసులో సుమారు 1,250కి ఒకటి, 35లో 350కి ఒకటి, 40లో వందకు ఒకటి. మేనరికం ప్రభావం వేరే జబ్బుల మీద ఉంటుంది. దంపతులిద్దరిలోనూ ఒకే లోపపు జన్యువు ఒక్కొక్కటి దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, తలసీమియా అలాంటిదే. మామూలు క్రోమోజోము పరీక్షలో అది కనిపించదు, ఫలానా జన్యువును చూడమని ప్రత్యేకంగా అడగాలి. మీ రెండు వైపులా పసితనంలోనే పోయిన పిల్లలు, మాటిమాటికీ రక్తం ఎక్కించుకున్న పిల్లలు ఉన్నారేమో పెద్దలను అడిగి డాక్టరుకు చెప్పండి. ఉమ్మనీటి పరీక్ష అన్నీ చెబుతుందా అన్న మీ ప్రశ్నకు నా కొడుకే జవాబు: రిపోర్టు మామూలుగా వచ్చింది, పుట్టిన మూడో రోజున గుండెలో చిన్న రంధ్రం బయటపడింది, రెండేళ్లు నిండేలోగా అదే పూడుకుపోయింది.

కాగితాల విషయానికి వస్తే, మగో ఆడో చెప్పమని పొరపాటున కూడా అడగవద్దు. పుట్టకముందు చేసే పరీక్షలను నియంత్రించే 1994 నాటి పి.ఎన్.డి.టి. చట్టం దానిని నిషేధించింది. అందుకే నా రిపోర్టులో కూడా లింగం తెలిపే క్రోమోజోముల వివరం ఇవ్వలేదు. అదే చట్టం ప్రకారం, పరీక్ష వల్ల వచ్చే ఇబ్బందులన్నీ వివరించి, గర్భిణికి అర్థమయ్యే భాషలో రాతపూర్వక సమ్మతి తీసుకుని ఒక ప్రతి ఆమెకు ఇవ్వాలి. మాకు ఇంగ్లీషు కాగితం చూపి సంతకం పెట్టమంటే, నేను చదవగలిగినా, తెలుగులో చెప్పించుకున్నాకే పెట్టాను. గర్భం కొనసాగించలేని పరిస్థితి వస్తే, గర్భవిచ్ఛిత్తికి సంబంధించిన ఎం.టి.పి. చట్టానికి 2021లో చేసిన సవరణ తరువాత 20 వారాల వరకు ఒక డాక్టరు, 24 వారాల వరకు కొన్ని సందర్భాలలో ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు నిర్ధారిస్తే ఆ గడువు వర్తించదు, కాని బోర్డు చుట్టూ తిరిగే శ్రమ వేరు. ఇప్పుడు పదిహేడో వారం, పూర్తి రిపోర్టుకు మూడు వారాలు; అందుకే ఇంట్లో తర్జనభర్జనకు ఈ వారాన్ని మించి ఖర్చు చేయవద్దని చెబుతున్నాను.

ఒక్కటి మీరు రాయలేదు, మీ శ్రీమతి బ్లడ్ గ్రూపు. నాది బి నెగెటివ్, మా వారిది పాజిటివ్. అలాంటప్పుడు ఈ పరీక్ష తరువాత 72 గంటలలోగా యాంటీ-డి ఇంజెక్షన్ ఇవ్వాలి, లేకపోతే బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా తల్లి ఒంట్లో ప్రతిరక్షకాలు తయారై ఈ బిడ్డకో తరువాతి బిడ్డకో ముప్పు తేవచ్చు. ఆ రోజు రద్దీలో నన్ను ఎవరూ అడగలేదు. బిల్లు కట్టి మెట్లు దిగుతుండగా గుర్తొచ్చి వెనక్కి వెళ్లి నేనే అడిగి వేయించుకున్నాను. గ్రూపు కాగితం ఫైలులో అడుగున కాక పైన పెట్టుకుని వెళ్లండి.