అమ్మమ్మ కార్డ్‌లెస్ ఫోను విప్పబోయే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమ్మమ్మ ఫోను నువ్వే బాగుచేస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. పారేసి కొత్తది కొనమనకుండా పని నెత్తిన వేసుకున్నావు చూడు, ఎంత సంతోషమనిపించిందో! కానీ స్క్రూడ్రైవర్ల సెట్టు కూడా తెచ్చుకున్నావట. అది విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. ఆ సెట్టు పక్కన పెట్టు నాన్నా. కార్డ్‌లెస్ ఫోనుకి వచ్చే రోగాల్లో చాలావాటికి మర విప్పే పనే ఉండదు.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చు. బేసు, అంటే గోడ లైనుకు కలిపి ఉండే పెట్టె, దాని నుంచి ఫోను వైరు ఊడదీసి, మామూలు వైరు ఫోను ఒకటి గోడ సాకెట్లో పెట్టు. అందులోనూ డయల్ టోన్ రాకపోతే, లేదా గరగరమంటే, తప్పు లైనుది. కార్డ్‌లెస్‌ను ఇక ముట్టుకోకు. అదే లైను మీద డీఎస్ఎల్ ఇంటర్నెట్ ఉంటే, ఫోనుకి ముందు ఫిల్టరు ఉండాలి, అది లేకపోతే బుస్సుమని మోత వస్తుంది. ఫైబర్ అయితే గోడ సాకెట్ కాదు, మోడెం వెనకున్న ఫోను పోర్టులో పెట్టి చూడు. సాకెట్ ఊడి తీగలు బయటికొచ్చి ఉంటే చేత్తో పట్టుకోకు. ఊరికే ఉన్నప్పుడే రాగి లైనులో దాదాపు 48 వోల్టులుంటాయి. నువ్వు పట్టుకున్న క్షణంలోనే ఎవరైనా ఫోన్ చేశారో, రింగు కోసం వచ్చే ఏసీ 90 వోల్టుల దాకా ఉంటుంది.

బేసు మీద లైటు వెలగకపోతే అడాప్టరు చూడు. పిన్ను పట్టింది కదా అని వేరే దాని అడాప్టరు గుచ్చితే బేసు కాలిపోవచ్చు. వోల్టులు, డీసీనా ఏసీనా, పిన్నులో ప్లస్సు లోపలా బయటా, ఈ మూడూ పాతదాని మీద రాసినట్టే ఉండాలి. మిల్లీ ఆంపియర్లు ఎక్కువున్నా పరవాలేదు, తక్కువ ఉండకూడదు.

ఇక నా భయమంతా బ్యాటరీ దగ్గరే. హ్యాండ్‌సెట్టు తీయగానే బాగానే పలికి, రెండు నిమిషాల్లో బీప్ బీప్ మని ఆరిపోతోందంటే సెల్లులు అరిగిపోయాయన్నమాట. రెండు మూడేళ్లు వాడాక అది మామూలే. మూత తీసి చూస్తే చాలా మోడళ్లలో రెండు ట్రిపుల్ ఏ సెల్లులుంటాయి. అచ్చం టీవీ రిమోట్‌లో వేసేవాటిలాగే. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఆ రిమోట్ సెల్లులే తెచ్చి ఇందులో వేస్తారు. వేయగానే స్క్రీన్ కళకళలాడుతుంది, మాట స్పష్టంగా వినిపిస్తుంది. బాగైపోయిందనుకుని హ్యాండ్‌సెట్టును ఛార్జి ఎక్కించే తొట్టిలో పెట్టేస్తారు.

తొట్టికి లోపల ఏ సెల్లు ఉందో తెలియదు, ఛార్జి ఎక్కిస్తూనే ఉంటుంది. ఫోనులో ఉండాల్సింది నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, ఒక్కోటి 1.2 వోల్టులు. రిమోట్‌ది 1.5 వోల్టుల ఆల్కలైన్, మళ్లీ ఛార్జి చేయడానికి తయారైంది కాదు. బలవంతంగా ఎక్కిస్తే లోపల గ్యాసు పుట్టి, సెల్లు వేడెక్కి ఉబ్బుతుంది, చివర ఉన్న సీలు తెగి పొటాషియం హైడ్రాక్సైడ్ కారుతుంది. అది గాఢమైన క్షారం. చర్మం మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. రాత్రంతా తొట్టిలో ఉన్న ఆ హ్యాండ్‌సెట్టును పొద్దున్నే చెవికి ఆనించుకునేది అమ్మమ్మ. అందుకే ఇంతగా చెబుతున్నాను.

మూత తీసినప్పుడు స్ప్రింగు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు కనిపిస్తే ఎవరో ఇప్పటికే ఆ పని చేసి ఉండొచ్చు, లేదా పాత సెల్లులే కారి ఉండొచ్చు. గ్లవ్స్ వేసుకుని, సెల్లులు తీసేసి, ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో కాస్త తడిపి తుడువు. సన్నగా నురగ వచ్చి ఆగాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్లీ తుడిచి పూర్తిగా ఆరనివ్వు. స్ప్రింగు తినేసి తెగిపోయి ఉంటే మాత్రం కొత్త హ్యాండ్‌సెట్టే గతి.

సెల్లులు కొనేటప్పుడు రెండూ ఒకే రకం, ఒకేసారి. పాతదీ కొత్తదీ కలిపితే నీరసంగా ఉన్నది ముందు అయిపోయి, రెండోది దానిలోకి కరెంటును తిరగేసి నెడుతుంది, రెండూ పాడవుతాయి. సెల్లులో పట్టే ఛార్జి మాన్యువల్ ఎంత చెబితే అంత, సాధారణంగా 400 నుంచి 800 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఆ సైజు సెల్లు మీద 2000 అని రాసుంటే నమ్మకు, అంత అందులో పట్టదు. మొదటిసారి 16 గంటలు కదపకుండా తొట్టిలో ఉంచు. మధ్యలో తీసి చూడాలని నీకు చేతులు దురదపెడతాయని తెలుసు. ఆగు.

కొత్త సెల్లులు వేసినా ఛార్జి ఎక్కకపోతే, అడాప్టరు ఊడదీసి, హ్యాండ్‌సెట్టు అడుగునా తొట్టిలోనూ ఉన్న లోహపు రేకులను పెన్సిల్ రబ్బరుతో రుద్దు. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతే తర్వాత తుప్పే.

బేసు దొరకడం లేదని హ్యాండ్‌సెట్టు చూపిస్తుంటే బేసు మీద హ్యాండ్‌సెట్టును వెతికే బటన్ ఒకసారి నొక్కు. హ్యాండ్‌సెట్టు మోగితే రేడియో సంబంధం బాగానే ఉన్నట్టు. మోగకపోతే అదే బటన్ లైటు మినుకుమినుకుమనేదాకా నొక్కి పట్టి, మెనూలో రిజిస్టర్ ఎంచుకో. పిన్ నంబరు అడిగితే చాలావాటికి 0000.

గరగర బేసు పక్కన నిలబడినా ఉంటే లైనునో అడాప్టరునో అనుమానించు. దూరం వెళ్లేకొద్దీ పెరిగితే సిగ్నల్‌ది. బేసును వైఫై రౌటరుకు ఒక మీటరైనా ఎడంగా, ఎత్తులో పెట్టు. పాత 2.4 గిగాహెర్ట్జ్ ఫోనైతే మైక్రోవేవ్ తిరిగినప్పుడల్లా గోల చేస్తుంది, దాన్ని వంటగదికి దూరంగా జరపాల్సిందే.

అన్నీ కుదిరాక ఇంకొక్క పని ఉంది, ఇది మాత్రం మానకు. కరెంటు పోతే హ్యాండ్‌సెట్టులో ఛార్జి నిండుగా ఉన్నా బేసు చచ్చిపోతుంది, ఫోను పనిచేయదు. నువ్వు పరీక్షకు వాడిన ఆ వైరు ఫోనును, ఒక సాకెట్‌ను రెండు చేసే స్ప్లిటర్‌తో అదే లైనుకు కలిపి అమ్మమ్మ మంచం పక్కన పెట్టు. రాగి లైను తన కరెంటు తానే తెచ్చుకుంటుంది. ఫైబర్ అయితే మోడెంకు బ్యాటరీ బ్యాకప్ కూడా ఉండాలి. తర్వాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, పక్క గదిలోంచి నీ సెల్‌తో ఆ నంబరుకు ఫోన్ చెయ్యి. అమ్మమ్మ చీకట్లో చెయ్యి చాచి ఎత్తి నీతో మాట్లాడాకే అక్కణ్ణుంచి బయలుదేరు.

మీ మామయ్య