గవిలోకి దిగేముందు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

శని, ఆదివారాల్లో స్నేహితులు జట్టుగా గుహలకు వెళ్ళడం గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే తరహా ప్రశ్నలను కలిపేశాం. చాలామంది ఇంటర్నెట్‌లో యూరప్ వీడియోలు చూసి రాశారని తెలిసిపోతోంది. అక్కడి గుహల్లో చలి చంపుతుంది. మన రాయలసీమ గుహల్లో భయపడాల్సింది వేడికి, చెడుగాలికి. కింది జవాబులు చాలావరకు ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి, అందరం ఒకే ఆఫీసు. ట్రెక్కింగ్ అలవాటుంది. బెలూం, బొర్రా చూసేశాం. ఇక లైట్లు లేని గుహల్లోకి వెళ్ళాలని ఉంది. ఎలా మొదలుపెట్టాలి? (హైదరాబాద్)

ముందు ఎనిమిది మందీ రెండు జట్లుగా విడిపోండి. గుహలో ఒక జట్టుకి నలుగురు కనీసం, ఆరుగురు గరిష్ఠం. నలుగురెందుకంటే, ఒకరికి కాలు విరిగితే ఒకరు పక్కన కూర్చోవాలి, మిగతా ఇద్దరు కలిసి బయటికెళ్ళి కబురు చెప్పాలి. చీకట్లో ఎవరూ ఒంటరిగా నడవకూడదు. ఆరు దాటితే ప్రతి ఇరుకు దగ్గరా క్యూ తయారవుతుంది. ముందున్నవాళ్ళు అలసిపోతారు, వెనకున్నవాళ్ళు విసిగిపోయి పక్కదారులు వెతుకుతారు. తప్పిపోవడం అక్కడే మొదలవుతుంది. దారి తెలిసినవాడు ముందు, అనుభవం ఉన్న ఇంకొకడు చిట్టచివర. వేగం ఎప్పుడూ నెమ్మదస్తుడిదే.

బెలూంలో కొలిచిన పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. పర్యాటకులకు తెరిచింది దాదాపు ఒకటిన్నర కిలోమీటరే. మిగతాది మూసేశారు కదా అని కడ్డీ దాటి వెళ్ళకండి. అది సాహసం కాదు, కేసు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల సున్నపురాయిలో చిన్నాపెద్దా గవులు చాలానే ఉన్నాయి. కొన్ని గుళ్ళు, కొన్ని అటవీ భూమి, కొన్ని క్వారీ లీజులో, కొన్ని పట్టా పొలాల్లో. ఎవరిదో తేల్చుకుని అనుమతి కాగితం మీద తీసుకోండి. ఊళ్ళో సర్పంచికి, పూజారికి చెప్పకుండా దిగితే గుప్తనిధుల వేటగాళ్ళనుకుని పోలీసులకు ఫోన్ చేస్తారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. దారులు అడగాల్సింది గొర్రెల కాపరులను. బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల్లో 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్వకాల్లో పాతకాలపు జంతువుల ఎముకలు దొరికాయి. ఇలాంటి చోట్ల నేల మీద కనిపించిన ఎముకనైనా, పెంకునైనా కదపకండి.

ప్రశ్న: లోపలికి కొంతదూరం వెళ్ళేసరికి ఊపిరాడనట్టుంటుంది. గాలి చెడిందా, లేక ఉక్కపోతేనా? అగ్గిపుల్ల వెలిగితే గాలి బాగున్నట్టేనని మా పెద్దలంటారు. (అనంతపురం)

రెండూ వేరు, రెండింటినీ గుర్తుపట్టడం నేర్చుకోవాలి. గుహ లోపలి ఉష్ణోగ్రత దాదాపుగా ఆ ప్రాంతపు ఏడాది సగటు దగ్గర నిలిచిపోతుంది. ఇంగ్లండులో అది 8, 10 డిగ్రీలు. మన దగ్గర 28 అటూఇటూ. గాలిలో తేమ నూటికి నూరు దగ్గర ఉంటుంది కనుక చెమట కారుతుందే గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. నీరసం, తల తిరగడం, పిక్కలు పట్టేయడం, ఇవి వేడి లక్షణాలు. చెడుగాలి లక్షణం ఇంకోటి: ఏ పనీ చేయకుండా కూర్చున్నా రొప్పు తగ్గదు. అనుమానం వస్తే అందరూ ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోండి. ఊపిరి నెమ్మదించిందా, అది అలసట. నెమ్మదించలేదా, వెంటనే వచ్చిన దారిన పైకి.

చెడుగాలి అంటే ఎక్కువగా కార్బన్ డయాక్సైడే. బయటి గాలిలో అది 0.04 శాతం. కార్మికులు ఎనిమిది గంటలు పనిచేసే చోట 0.5 శాతం దాటకూడదని ప్రమాణం. 3 శాతం దగ్గర ఊపిరి లోతుగా, వేగంగా మారుతుంది, తలనొప్పి మొదలవుతుంది. 5 దగ్గర రొప్పుతూ పని చేయలేరు. 10 దగ్గర నిమిషాల్లో స్పృహ పోతుంది.

ఇక అగ్గిపుల్ల. మంట చెప్పేది ఆక్సిజన్ సంగతి, కార్బన్ డయాక్సైడ్ సంగతి కాదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అది సుమారు 16, 17కి పడితే అగ్గిపుల్ల, కొవ్వొత్తి ఆరిపోతాయి. లైటరు ఇంకా కిందిదాకా వెలుగుతూనే ఉంటుంది. కుళ్ళిన ఆకులు, గబ్బిలాల రెట్ట, చెట్ల వేళ్ళు ఆక్సిజన్ తినేసి కార్బన్ డయాక్సైడ్ వదిలిన చోట, పుల్ల ఆరేసరికి అది 4 శాతం చేరి ఉంటుంది. అంటే హెచ్చరిక ఆలస్యంగా వస్తుంది. అదే నీళ్ళలో కరిగి రాతి పగుళ్ళగుండా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అయితే ఇంకా మోసం. అది 5 శాతం చేరినా ఆక్సిజన్ 20 దగ్గరే ఉంటుంది కనుక మంట బాగానే వెలుగుతుంది, మనిషే పడిపోతాడు. పుల్ల ఆరితే పరుగెత్తండి, వెలిగితే మాత్రం నమ్మకండి. 5 శాతం దాకా కొలిచే మీటరు జట్టుకొకటి కొనండి. ఇళ్ళలో గాలి నాణ్యత చూసే చవక మీటర్లు 0.5 లేదా 1 శాతం దగ్గరే ఆగిపోతాయి, కొనేముందు కొలత పరిధి చూడండి.

కాలం కూడా ముఖ్యం. చలికాలం రాత్రుళ్ళు బయటి గాలి గుహ గాలికంటే చల్లగా, బరువుగా ఉంటుంది. అది లోపలికి జారి పాత గాలిని బయటికి నెడుతుంది. ఎండాకాలంలో బయటి గాలి వేడిగా, తేలిగ్గా ఉండి పైనే నిలిచిపోతుంది, కిందికి దిగే గుహల్లో గాలి కదలదు. వానలు పడ్డాక మట్టిలో, చెత్తలో కుళ్ళు పెరిగి పరిస్థితి మరీ పాడవుతుంది. అందుకే మన దగ్గర నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకానే సీజను. పాడుబడ్డ బావిలో పూడిక తీయడానికి దిగి ఒకరి వెనక ఒకరు ప్రాణాలు పోగొట్టుకోవడం వార్తల్లో చూస్తూనే ఉంటాం. గుంతలాంటి గవిలో కింద ఒకడు పడిపోతే మీరూ దిగకండి. తాడుతో పైకి లాగగలిగితే లాగండి.

ప్రశ్న: తలకి కట్టుకునే లైటు ఉంది, ఫోన్ టార్చి ఉంది. చాలదా? (విజయవాడ)

ఫోన్ లెక్కలోకి రాదు. మనిషికి మూడు లైట్లు: రెండు హెల్మెట్ మీద, ఒకటి జేబులో. చేతులు రెండూ ఖాళీగా లేకపోతే పాకలేరు. నడవడానికి 100 నుంచి 200 ల్యూమెన్లు చాలు. వెయ్యి ల్యూమెన్లని పెట్టె మీద రాసి ఉన్నవి కొద్ది నిమిషాల్లో వేడెక్కి వాటంతటవే తగ్గిపోతాయి, ఈలోపు బ్యాటరీ తినేస్తాయి. దూరం కొట్టే సన్నటి వెలుగుకన్నా కాళ్ళ ముందు పరుచుకునే వెలుగు మేలు.

18650 రకం బ్యాటరీ మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది నకిలీ. ఆ సైజులో నిజమైనవి చాలావరకు 3,500 దగ్గర ఆగిపోతాయి. నాలుగు గంటల ప్రయాణానికి ఎనిమిది గంటల వెలుగు పెట్టుకోండి. లైట్లు పాడయ్యేది ఎక్కువగా మూత దగ్గర: రబ్బరు రింగులో ఇసుక చేరి చెమట లోపలికి దిగుతుంది. ప్రతిసారీ తుడిచి కొంచెం సిలికాన్ గ్రీజు రాయండి. సంచిలో లైటు దానంతటదే వెలిగి ఖాళీ అవడం ఇంకో పాత జబ్బు. మూత పావు తిప్పు వదులు చేసి పెడితే వెలగదు. జట్టులో ఎవరిదైనా రెండో లైటుకి మారాల్సి వస్తే అందరూ వెనక్కి తిరగాలి. దీనికి మినహాయింపు లేదు.

హెల్మెట్ పర్వతారోహకులది కొనండి. భవన నిర్మాణంలో వాడే పసుపు టోపీ కిందికి వంగగానే జారి పడుతుంది.

ప్రశ్న: దళసరి ఓవరాల్ సూటు ఆన్‌లైన్‌లో తెప్పించుకోమంటారా? (ప్రొద్దుటూరు)

వద్దు. అది చలి దేశాల సూటు, మన గుహలో వేసుకుంటే వడదెబ్బే. మెకానిక్కులు వేసుకునే పల్చటి బాయిలర్ సూటు, మోకాలి ప్యాడ్లు, అరచేతికి రబ్బరు పూత ఉన్న చేతి తొడుగులు, పట్టున్న గమ్‌బూట్లు చాలు. నాలుగైదు గంటలకు మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, అందులో ఒక లీటరులో ఓఆర్ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలపండి. సగం ప్యాకెట్లు, అంచనా చిటికెలు వద్దు.

మేఘాలయ వెళ్తే లెక్క మారుతుంది. అక్కడ నడుము లోతు నీళ్ళు, తడిసిన నూలు బట్ట ఒంటికి అంటుకుని వణికిస్తుంది. సింథటిక్ లేదా ఉన్ని వేసుకోండి. అది వారాంతపు పని కూడా కాదు. వారం పెట్టుకుని నవంబరు, మార్చి మధ్య వెళ్ళండి. అక్కడి మామ్లూ గుహలోని రాతి పెరుగుదల ఆధారంగానే భూమి చరిత్రలో 4,200 ఏళ్ళ క్రితం మొదలైన కాలానికి 2018లో మేఘాలయన్ అని పేరు పెట్టారు.

ప్రశ్న: 25 మీటర్ల నిలువు గుంత ఉంది. మా దగ్గర రాక్ క్లైంబింగ్ తాడుంది. దిగొచ్చా? (బెంగళూరు)

ఆ తాడుతో వద్దు. అది పడినవాడిని సాగి ఆపడానికి చేసింది. మనిషి వేలాడితేనే 7, 8 శాతం సాగుతుంది, అంటే 25 మీటర్లకు దాదాపు రెండు మీటర్లు. ఎక్కేటప్పుడు ప్రతి అడుగుకీ ఊగి, రాతి అంచు మీద రంపంలా కోసుకుంటుంది. గుహకి కావలసింది తక్కువ సాగే స్టాటిక్ తాడు, ఈఎన్ 1891 (యూరప్ ప్రమాణం) ఏ రకం, 10 లేదా 10.5 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపు నైలాన్ తాడు లారీ మీద సామాను కట్టడానికి.

కొత్త తాడును రాత్రంతా నీళ్ళలో నానబెట్టి నీడలో ఆరబెట్టండి. ఐదు శాతమో అంతకన్నా ఎక్కువో కుదించుకుపోతుంది. ఆ తర్వాతే కొలవండి. 25 మీటర్ల లోతుకి పైన రెండు యాంకర్లకు (తాడు కట్టే ఆధారాలకు), వెనక చెట్టుకి కలిపి ఆరేడు మీటర్లు, మధ్యలో తాడును మళ్ళీ రాతికి కట్టే ప్రతి చోటా ఒకటిన్నర మీటరు, కింద ముడితో సహా రెండు మీటర్లు. 40 మీటర్లు తీసుకెళ్ళండి. కొస ముడి మరిచిపోతే తాడు అయిపోయిన సంగతి చీకట్లో తెలియదు. నేల నుంచి లేచిన సున్నపు స్తంభానికి తాడు కట్టకండి, చాలాసార్లు అది మట్టి మీద నిలబడి ఉంటుంది.

అసలు కష్టం ఎక్కడంలో. రెండు నిమిషాల్లో దిగిన చోటు ఎక్కడానికి కొత్తవాళ్ళకు పావుగంట పైనే. ముందు చెట్టుకొమ్మకి నాలుగైదు మీటర్ల తాడు వేలాడదీసి ఎక్కడం, మధ్యలో ఆగి దిగే పరికరానికి మారడం, అదే మళ్ళీ లైటు ఆర్పి చేయడం నేర్చుకోండి. ఎక్కడం రానివాడిని దింపకండి. హార్నెస్‌లో (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీల్లో) కదలకుండా వేలాడితే కాళ్ళలో రక్తం నిలిచి కొద్ది నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. తాడు మీద ఇరుక్కున్నవాడిని కిందికి దించడం జట్టులో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. ఒక్కరోజు శిక్షణతో ఇది రాదు.

ప్రశ్న: టెనెసీలో క్లబ్బుతో గుహలకు వెళ్తుంటాను. సంక్రాంతికి ఇంటికొస్తూ నా సామాను తెచ్చుకుంటే, ఊళ్ళో స్నేహితులతో కలిసి వెళ్దామని ఉంది. (అమెరికా)

మీరు రండి, సామాను అక్కడే ఉంచండి. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో మొదట కనిపించిన తెల్లముక్కు వ్యాధి లక్షల గబ్బిలాలను చంపింది. దాని బూజు బీజాలు బూట్లకు, తాడుకు అంటుకుని ప్రయాణిస్తాయి. ఆ బూజు సుమారు 20 డిగ్రీలు దాటితే పెరగదు కనుక రాయలసీమ గుహల్లో నిలదొక్కుకోలేకపోవచ్చు, కానీ అదే సంచి తర్వాత మేఘాలయకో హిమాలయాలకో వెళ్తే? కనీసం 55 డిగ్రీల నీళ్ళలో 20 నిమిషాలు ముంచి ఉంచాలన్నది అక్కడి నియమం. అలా చేసినా కొత్త దేశానికి తేకపోవడమే మంచిది.

ప్రశ్న: గబ్బిలాల వల్ల మనుషులకు ప్రమాదమా? (విశాఖపట్నం)

తాకకపోతే దాదాపు లేదు. ఎండిన రెట్ట పొడి ఉన్న చోట ఎన్95 మాస్కు వేసుకోండి, దుమ్ము లేపకండి. అందులోని ఒక రకం బూజు ఊపిరితిత్తులకు సోకుతుంది. వెళ్ళొచ్చిన రెండు మూడు వారాల్లో జ్వరం, దగ్గు వస్తే డాక్టరుకు గుహ సంగతి తప్పక చెప్పండి. చెప్పకపోతే టీబీ అనుకునే అవకాశం ఎక్కువ. కరిస్తే, గీరితే సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి అదేరోజు రేబిస్ టీకాకు వెళ్ళండి. పిల్లలతో ఉన్న గబ్బిలాల గుంపు కనిపిస్తే వెనక్కి తిరగండి.

ప్రశ్న: లోపల సిగ్నల్ ఉండదు కదా, ఇంట్లో ఏం చెప్పి వెళ్ళాలి? (కడప)

కాగితం మీద రాసివ్వండి: గుహ పేరు, లొకేషన్, జట్టులో ఎవరెవరు, లోపలికి వెళ్ళే సమయం, బయటికొచ్చే సమయం, ఆ పైన మూడు గంటలు గడిచినా మీ ఫోన్ రాకపోతే 112కి ఫోన్ చేయమని, ఆ ఊరి పోలీస్ స్టేషన్ నంబరు. బయటికి రాగానే టీ కంటే ముందు ఆ ఫోన్. వాన సూచన ఉంటే ప్రయాణం మానుకోండి. 2018లో థాయిలాండులో 12 మంది పిల్లలు, వాళ్ళ కోచ్ చిక్కుకున్నది జూన్ 23న, వాన నీళ్ళు దారి మూసేయడం వల్ల. చివరివాళ్ళు బయటపడింది జూలై 10న.

ప్రశ్న: ఆరేడు గంటలు లోపలుంటే ఒంటికి వస్తే ఏం చేయాలి? (పేరు వద్దన్నారు)

వెడల్పు మూతి ఉన్న లీటరు సీసా, గట్టి మూత, పైన రెండు పొరల కవరు. సీసా మీద మార్కర్‌తో పెద్దగా రాయండి, నీళ్ళ సీసాతో కలవకుండా.