బోటు ఆగిపోయి మంచినీళ్లు అయిపోతే ఉప్పునీళ్లు తాగొచ్చా?

నడిసముద్రంలో చిక్కుకుంటే ఎన్నాళ్లు బతకగలం, ఉప్పునీళ్లు కొంచెం కొంచెం తాగి నెట్టుకురావచ్చా అని అడిగారు. వద్దండీ, గుక్కెడు కూడా వద్దు. విశాఖ ఫిషింగ్ హార్బర్ బోట్లలో కళాసీగా చేశాను. ఒకసారి గేర్‌బాక్స్ పోయి రోజుల తరబడి గాలి ఎటు తోస్తే అటు కొట్టుకుపోయాం.

సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మూత్రపిండాలు అంత ఉప్పును అంత నీటిలోనే బయటికి పంపలేవు. దాంతో తాగినదానికంటే ఎక్కువ నీరు ఒంట్లోంచి పోతుంది. దాహం ఇంకా పెరుగుతుంది, తర్వాత మతి తప్పుతుంది. మాలో ఒక కుర్రాడు ఆగలేక ఎవరూ చూడకుండా తాగేశాడు. తర్వాత ఒడ్డు కనిపిస్తోంది, దూకేస్తానని లేస్తుంటే పట్టుకుని కూర్చోబెట్టాం. ఎట్టి పరిస్థితిలోనూ బోటు వదలకూడదు. వెతికేవాళ్లకి ఈదే మనిషి తల కనబడదు, బోటు కనబడుతుంది.

తిండి లేకపోయినా వారాలు ఉండొచ్చు. ఎండలో నీళ్లు బొత్తిగా లేకుండా మూడు రోజులు దాటడమే కష్టం. అందుకే మా సరంగు మావ (బోటు నడిపించే పెద్ద) మొదటి రోజే నీళ్ల డ్రమ్ము తన దగ్గర పెట్టుకున్నాడు. చేపలకి తగలని ఐస్ ఏరించి బిందెలో కరిగించాడు. చేపలు బోలెడున్నా ఎక్కువ తిననివ్వలేదు. అవి అరగడానికీ ఒంట్లో నీరే ఖర్చవుతుంది. పగలంతా టార్పాలిన్ నీడలోనే ఉన్నాం, బట్టలు సముద్రపు నీళ్లతో తడుపుకుని. సాయంత్రానికల్లా ఆరబెట్టేసుకోవాలి, లేకపోతే రాత్రి వణుకు పుడుతుంది. వాన పడితే మొదటి జల్లుతో టార్పాలిన్ మీది ఉప్పు కడిగేసి, ఆ తర్వాతి నీళ్లే పట్టాలి.

అంత లోతులో లంగరు అడుగుకి అందదు. పాత వల మూటకట్టి ముందువైపు నుంచి తాడుతో నీళ్లలోకి వదిలాం. బోటు అలలకి ఎదురుగా నిలిచింది. అడ్డం తిరిగితే బోల్తా కొడుతుందనే టెన్షన్ కాస్త తగ్గింది.

బ్యాటరీ మిగలాలని బోటులోని వీహెచ్ఎఫ్ రేడియోలో, ఆపదలో సాయం కోసం పిలిచే 16వ ఛానల్‌ని అప్పుడప్పుడే పెట్టి పిలిచేవాళ్లం. చివరికి అది విన్న వేరే బోటువాళ్లే వచ్చి, తాడు కట్టి లాక్కొచ్చారు.

సెల్ సిగ్నల్ ఒడ్డు దాటి కొంతదూరం వరకే. అందుకే వేటకెళ్లేముందు ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి రావాలో ఇంట్లో రాసి పెట్టండి. ఆలస్యమైతే వాళ్లు కోస్ట్‌గార్డ్ నంబరు 1554కి ఫోన్ చేయగలరు. రేడియో వాడటం సరంగుకే కాదు, బోటులో అందరికీ రావాలి. సరంగుకే ఏదైనా అయితే పిలిచేవాడు ఉండడు.