మూడు వందల ప్లాన్ తొంభై నాలుగు దగ్గర ఆగితే

పద్మారావునగర్,
హైదరాబాద్.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిజాంపేటలో కొత్త ఫ్లాట్‌లో దిగి నెల తిరగకముందే ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోందని, 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతున్నా నీ గదిలో కేబుల్‌తో కలిపిన ల్యాప్‌టాప్‌లో ఎన్నిసార్లు చూసినా 94 దాటడం లేదని, పడకగదిలో మీ అమ్మ ఫోన్‌కైతే 30 కూడా అందడం లేదని, అందుకే 500 ప్లాన్‌కు మారిపోదామనుకుంటున్నానని మొన్న ఫోన్‌లో చెప్పావు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటుంది, సగం పోతుంది కనుక కాగితం మీద పెడుతున్నాను. టెలిఫోన్ శాఖలో లైన్ల పనిలోనే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి కాబట్టి గట్టిగా చెబుతున్నాను: లోపం ఎక్కడుందో తేలకముందు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు. నువ్వు 500 కాదు, 1000 ప్లాన్ తీసుకున్నా నీ ల్యాప్‌టాప్‌లో ఆ 94 కదలదు.

రాగి తీగల కాలంలో మేము ఎక్స్‌ఛేంజిలో ఒకసారి, వీధిలోని పెట్టె దగ్గర ఒకసారి, ఇంట్లో ఒకసారి లైన్‌ను పరీక్షించి, ఏ రెండు చోట్ల నడుమ చెడిందో తేల్చుకున్న తరువాతే నిచ్చెన ఎక్కేవాళ్లం. రాగి పోయి ఫైబర్ వచ్చినా ఆ పద్ధతి మారలేదు. మీ ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ, వైఫై రౌటర్ రెండూ ఒకే తెల్ల పెట్టెలో ఉన్నాయి కాబట్టి నీ పని ఇంకా సులువు. ల్యాప్‌టాప్‌ను ఆ పెట్టె దగ్గరికే తీసుకువెళ్లి, మంచి పొట్టి ల్యాన్ కేబుల్‌తో గిగాబిట్ (అంటే వెయ్యి ఎంబీపీఎస్) అని రాసి ఉన్న పోర్టుకు కలుపు. కొన్ని పెట్టెల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగిలినవి వంద మాత్రమే ఉంటాయి కనుక ఆ రాత చూసి మరీ కలుపు. ఆఫీసు వీపీఎన్ ఆపి, టీవీ, సీసీ కెమెరాల వంటివన్నీ కట్టేసి, పొద్దున ఆరింటికి ఒకసారి, రాత్రి తొమ్మిదింటికి ఒకసారి స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన అంకెలను టైముతో సహా రాసిపెట్టుకో. అక్కడ 280, 290 వస్తే కంపెనీ ఇవ్వవలసినది ఇస్తోందని, జబ్బు నీ గోడల మధ్యే ఉందని అర్థం.

అలా వస్తుందనే నా అనుమానం, ఎందుకంటే 94 అనే అంకె ఎక్కడ కనబడినా నాకు ముందు గుర్తొచ్చేది కేబులే. వంద ఎంబీపీఎస్ లింకులో దాని సొంత లెక్కాపత్రాలకు పోయేది పోగా మనకు మిగిలేది ఇంచుమించు అంతే. ల్యాన్ కేబుల్‌లో నాలుగు జతలుగా మెలివేసిన ఎనిమిది తీగలు ఉంటాయి. వంద వేగానికి రెండు జతలు చాలు కాని, గిగాబిట్‌కు నాలుగు జతలూ సరిగా ఉండాలి. వంద వేగానికి అక్కరలేని ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా, రెండువైపులా ఉన్న యంత్రాలు మనతో ఒక్క మాటైనా చెప్పకుండా వందకు దిగి రాజీపడతాయి. నెట్ ఆగదు, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నిరుడు మా ఇంటికి సున్నం వేయించాక నాకూ ఇదే జరిగింది. ఇంత అనుభవం ఉండి కూడా రెండు రోజులు వైఫై సెట్టింగులు మార్చుతూ కూర్చున్నానని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. చివరికి గోడ దగ్గర ప్లగ్గు ఊడదీసి, కిటికీ వెలుతురులో భూతద్దం పెట్టి చూశాను. తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ అన్నీ ప్లగ్గు కొసదాకా చేరి ఉన్నాయి కాని, ఎనిమిదవదైన గోధుమరంగు తీగ మాత్రం నువ్వుగింజంత వెనకబడి, లోహపు పన్నుకు తగలకుండా ఆగిపోయింది. పనివాడు నిచ్చెన జరిపినప్పుడు కేబుల్‌ను లాగి ఉంటాడు. కొత్త ప్లగ్గు నొక్కగానే లింకు వెయ్యికి వెళ్లింది. నీ ల్యాప్‌టాప్‌లో ఈథర్నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ అని ఉంటుంది, అందులో 100 అని ఉందో 1000 అని ఉందో ముందు చూడు. 100 అని ఉంటే కేబుల్‌నే కాదు, దారిలో బిల్డర్ ఫాల్స్ సీలింగ్‌లో పెట్టి మరచిపోయిన పాత నెట్‌వర్క్ స్విచ్ (ఒక కేబుల్‌ను పలు కేబుళ్లకు పంచే పెట్టె) ఏదైనా ఉందేమో కూడా వెతుకు. ఇంకో మాట, చాలా స్మార్ట్ టీవీల ల్యాన్ పోర్టు వంద వేగానిదే కాబట్టి, టీవీలో 94 కనబడితే దాన్ని లోపంగా లెక్కించవద్దు.

ఇక మీ అమ్మ ఫోన్ సంగతి. ఆ 30 వేరే జబ్బు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలు దాటి దూరం పోతుంది కాని, అందులో ఒకదానితో ఒకటి తగలకుండా పనిచేయగల ఛానళ్లు 1, 6, 11 అనే మూడే, ఆ మూడింటినీ మీ అపార్ట్‌మెంట్ మొత్తం పంచుకోవాలి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటూ వేగమూ ఎక్కువ కాని, రెండు గోడలు అడ్డం వస్తే నీరసించిపోతుంది. రెండు బ్యాండ్లకూ ఒకే పేరు ఉంటే ఫోన్ ఒక్కోసారి బలంగా కనిపించే 2.4నే పట్టుకు వేలాడుతుంది కనుక, కొన్నాళ్లు వాటికి వేరు వేరు పేర్లు పెట్టి చూడు. ఫైబర్ బిగించడానికి వచ్చిన కుర్రవాడు తనకు తీగ మిగిలేలా గుమ్మం పక్కన, చెప్పుల స్టాండ్ మీద పెట్టెను తగిలించి పోవడం మన ఊళ్లో మామూలే. దాన్ని హాలు మధ్యకు, మనిషి ఎత్తున, ఇనుప బీరువాకూ నిలువుటద్దానికీ దూరంగా జరిపించు. వైఫైని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ మాత్రం కొనవద్దు, అది విన్న మాటనే మళ్లీ చెప్పాలి కాబట్టి చవకరకంలో సగం వేగం అక్కడే పోతుంది. అంతగా కావాలంటే పడకగదికి కేబుల్ లాగి, ఆ చివర ఇంకో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా, అంటే అక్కడ వైఫై అందించడానికి మాత్రమే, పెట్టు.

పెట్టె దగ్గరే వేగం తక్కువగా ఉంటేనే కంపెనీని పట్టుకోవాలి. పొద్దున బాగుండి రాత్రి పడిపోతే అది మీ వీధి రద్దీ. ఇళ్లకు వచ్చే జీపాన్ రకం ఫైబర్‌లో సుమారు 2.5 గిగాబిట్ల దారిని చాలా ఇళ్లు కలిసి పంచుకుంటాయి. అన్నివేళలా తక్కువగా ఉంటే యాప్‌లో నెల వాడకం చూడు, అపరిమితమన్న ప్లాన్లలో చాలావాటికి 3300 జీబీ తరువాత వేగం తగ్గించే షరతు ఉంటుంది. మాటిమాటికీ తెగుతుంటే పెట్టె లాగిన్ పేజీలో ఆప్టికల్ పవర్, అంటే ఫైబర్‌లో వచ్చే వెలుతురు బలం, చూడు. అది మైనస్ 27 డీబీఎం కంటే కిందికి, అంటే మైనస్ 28, మైనస్ 29కి పోతే వెలుతురు చాలడం లేదని అర్థం. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శోభాయాత్ర రథానికి కరెంటు తగిలి ప్రాణాలు పోయాక నగరంలో కరెంటు స్తంభాల మీది కేబుళ్లను విస్తారంగా కత్తిరించారు, ఆ కత్తిరింపు సరైనదే. కాని అలా తెగిన ఫైబర్‌ను హడావిడిగా అతికిన చోట, మేకుకు బిగించి మడిచిన చోట వెలుతురు కారిపోతుంది. ఆ అంకెలను, రాసిపెట్టుకున్న టైములను చూపించి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు (ఫిర్యాదు సంఖ్య) తీసుకో. “నెట్ స్లోగా ఉంది” అని చెబితే వాళ్లు రౌటర్ ఆపి మళ్లీ వేయమంటారు, అంతే. పని కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి ఆ నంబరుతోనే అప్పీలు చేయవచ్చు.

ఆదివారం నేను వచ్చేటప్పుడు ప్లగ్గు నొక్కే క్రింపింగ్ టూల్, కేబుల్ టెస్టర్, అరడజను ప్లగ్గులు తెస్తాను. ఈలోగా ఆ రెండు పూటల అంకెలు సిద్ధంగా ఉంచు, వాచ్‌మన్‌ను అడిగి నిచ్చెన కూడా తెప్పించు.

మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య