ఆ కథలో అత్తగారు లేరు

కావలి దగ్గర్నుంచి ఒక లెక్చరర్ అమ్మాయి రాసింది. పాప నల్లగా పుట్టిందని అత్తగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ "మా వంశంలో ఈ రంగు ఎవరిదబ్బా" అంటున్నారట. పొలాలు, రొయ్యల గుంటలు, ఊళ్ళో పెద్దింటి పేరు. క్లాసులో 'డెజిరేస్ బేబీ' కథ చెబుతూ ఏడ్చేసిందట. డీఎన్ఏ పరీక్ష చేయించి ఆవిడ నోరు మూయించనా అని అడుగుతోంది.

వద్దు. ఆ పరీక్షకి వెళ్తే నిన్ను అనుమానించడం న్యాయమేనని నువ్వే ఒప్పుకున్నట్టు. రంగుని తేల్చే జన్యువులు బోలెడు, ఒకే తల్లి కడుపున నలుపూ చామనఛాయా రెండూ పుట్టడం మన ఇళ్ళల్లో చూడందా?

నాకు గుచ్చుకున్నది వేరే. ఉత్తరంలో అత్తగారి మీద నాలుగు పేజీలు రాసి, మీ ఆయన గురించి ఒక్క మాట రాశావు: "అమ్మ మాటలు పట్టించుకోకు అంటారు." ఉయ్యాల వేడుకలో పాపని ఎత్తుకోలేదని కూడా రాసి, మళ్ళీ కొట్టేశావు.

నువ్వు ఏడ్చిన ఆ కథే చూడు, అమెరికా రచయిత్రి కేట్ షోపాన్ రాసింది, 1893లో అచ్చయింది. లూసియానాలో బానిసలున్న పెద్ద ఎస్టేట్ యజమాని అర్మాండ్, పుట్టుక తెలియని పిల్ల డెజిరేని ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. బిడ్డలో నల్లజాతి పోలిక కనబడగానే తప్పు ఆమె రక్తానిదే అని తేల్చేస్తాడు. వెళ్ళమంటావా అని ఆమె అడిగితే వెళ్ళమనే అంటాడు. చివర్లో అతనికి తన తల్లి రాసిన పాత ఉత్తరం దొరుకుతుంది, ఆ రక్తం తల్లి వైపుదని. అతనికి ఎనిమిదేళ్ళప్పుడే ఆవిడ పోయింది. సూటిపోటి మాటలనడానికి ఆ ఇంట్లో అత్తే లేదమ్మా, డెజిరే బతుకు ఆగమైంది మొగుడి ఒక్క మాటతో. వాళ్ళది జాతి గొడవ, మనది రంగు, రెండూ ఒకటని అనను, కానీ మీ ఆయన మౌనం నాకు ఆ మాటలాగే వినబడుతోంది.

అందుకని అత్తగారితో వాదన మానెయ్. రాత్రి పాప నిద్రపోయాక అతన్ని కూర్చోబెట్టి ఒక్కటి అడుగు: రేపు మీ అమ్మ మళ్ళీ ఆ మాటంటే, అందరి ముందూ "ఇది నా కూతురు, ఇంకోసారి అనొద్దు" అంటారా అనరా? మొదటిసారి గొంతు తడబడినా నేను తప్పు పట్టను. నెల రోజులైనా నోరు పెగలకపోతే పాపని తీసుకుని పుట్టింటికి వెళ్ళు, ఉద్యోగం ఉంది, ఎవరి దయా అక్కర్లేదు. డెజిరేని కూడా బిడ్డతో వచ్చెయ్యమని పెంచిన తల్లి కబురు పంపింది. ఆమె అక్కడికి వెళ్ళకుండా బిడ్డతో సహా నీటి ఒడ్డు పొదల్లోకి నడిచింది, మళ్ళీ రాలేదు. నీకెప్పుడైనా అంత చీకటి ఆలోచన వస్తే ఆ నిమిషమే 14416కి ఫోన్ చెయ్, టెలీ మానస్ అని మానసిక సాయానికి ప్రభుత్వం పెట్టిన నంబరే.

అన్నట్టు, పాప తెల్లబడాలని మీ అమ్మ రోజూ శనగపిండి రుద్దుతోందన్నావు. అత్తగారికి చెప్పే ముందు అది ఆపించు, పసిచర్మం కందిపోతుంది.