మైలిన్ మీద వ్యాసం రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

మైలిన్ మీద, అంటే నాడీకణాల తీగల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. మొదటి పేజీ అంతా 'అనుభవాలు మెదడును మలుస్తాయి' అన్న ఒక్క మాటే వేషాలు మార్చుకుని తిరిగింది. ఆ పేజీ కొట్టెయ్. 2014లో లండన్‌లో ఎలుకల చేత తిప్పించిన చక్రంతో మొదలుపెట్టు.

ఆ చక్రంలో మధ్యమధ్య పుల్లలు పీకేశారు. కాలు ఎక్కడ వెయ్యాలో తెలియక ఎలుక తడబడుతుంది, రోజులు గడిచేకొద్దీ పరుగు కుదురుతుంది. కొన్ని ఎలుకల్లో మాత్రం మైలిన్ తయారుచేసే కణాలు, అంటే ఆలిగోడెండ్రోసైట్లు, కొత్తగా పుట్టకుండా ఒక జన్యువును తీసేశారు. పాత మైలిన్ అలాగే ఉంది. అయినా ఆ చక్రం వాటికి సరిగా పట్టుబడలేదు. చక్రం నేర్చుకున్నాక జన్యువు తీసేసిన ఎలుకలు మాత్రం చక్కగా పరిగెత్తాయి! నేర్చుకునేటప్పుడే ఆ కణాల అవసరం అన్నమాట. ఇంత సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎలా?

కణం పరిచయం క్లుప్తంగా చాలు. ఒక్కో ఆలిగోడెండ్రోసైట్ పదుల ఆక్సాన్ (నాడీకణం నుంచి సంకేతాన్ని మోసుకెళ్ళే పొడవాటి తీగ) ముక్కలకు కొవ్వు పొరలు చుడుతుంది, దాంతో సంకేతం వేగం పెరుగుతుంది. కరెంటు తీగ తొడుగు పోలిక అందరూ వాడేదే, నువ్వూ వాడుకో. కాకపోతే తీగ తొడుగు వాడేకొద్దీ మందమెక్కదు. స్టాన్‌ఫర్డ్‌లో ఎలుకల మెదడు కణాలను కాంతితో ఉత్తేజపరిస్తే, ఆ దారిలో మైలిన్ మందమెక్కింది.

ఒంటరితనం దగ్గర నీకు ఆవేశం వచ్చింది. పాలు మానిన ఎలుక పిల్లల్ని రెండు వారాలు విడిగా ఉంచితే మెదడు ముందు భాగంలో మైలిన్ పలచబడిందనీ, తర్వాత తోటివాటితో కలిపినా కోలుకోలేదనీ 2012లో తేలింది. నిజమే. దాన్ని పట్టుకుని 'హాస్టల్లో వేసిన పిల్లల మెదడు ఇక బాగుపడదు' అని రాసేస్తావా? ఏ తల్లో చదివి టెన్షన్‌తో నిద్ర మానేస్తుంది. అదే ఏడాది ఇంకో బృందం, ఎదిగిన ఎలుకల్ని ఎనిమిది వారాలు ఒంటరిగా ఉంచి, మళ్ళీ తోటివాటితో కలిపితే వాటి ప్రవర్తనా, మైలిన్‌కు సంబంధించిన జన్యువుల పనీ తిరిగి కుదుటపడ్డాయని చూపించింది. రెండూ పక్కపక్కన పెట్టు, వయసు చెప్పు, ఎలుకలని చెప్పు. అక్కడితో ఆపు.

మనుషుల సంగతి ఒక పేరా చాలు. 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో పెద్దవాళ్ళు ఆరు వారాలు బంతులు ఎగరేసి పట్టడం నేర్చుకున్నాక స్కాన్‌లో తెల్ల పదార్థం, అంటే మెదడులో మైలిన్ చుట్టిన తీగలు ఎక్కువగా ఉండే భాగం, మారింది. ఆ స్కాన్ చూసేది నీటి కదలికను, నేరుగా మైలిన్‌ను కాదు. అందుకే నువ్వు 'మైలిన్ పెరిగింది' అన్నచోట 'తెల్ల పదార్థంలో మార్పు కనిపించింది' అని దిద్దాను.

దిద్దిన ప్రతి పంపుతున్నాను. శీర్షిక నువ్వే చూసుకో.

మీ మాస్టారు