డాబా మీద పెట్టిన రేకు రాత్రంతా ఉన్నా చల్లబడలేదెందుకు?

రాత్రిపూట వస్తువు ఆకాశంలోకి వేడిని వదిలి గాలికన్నా చల్లబడుతుందని చూపే తొమ్మిదో తరగతి ప్రాజెక్టు కోసం విజయవాడలో డాబా మీద అల్యూమినియం రేకు ఆరుబయట పెట్టాం, తెల్లారేదాకా గాలికన్నా ఒక్క డిగ్రీ తగ్గలేదు అన్నారు. రేకు మెరుస్తున్నంతకాలం తగ్గదండీ. మెరిసే అల్యూమినియం వేడిని పరారుణ (కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్) కిరణాలుగా వదలడంలో మహా పిసినారి. 20 డిగ్రీల దగ్గర నల్లటి రేకు చదరపు మీటరుకు సుమారు 400 వాట్లు వదిలితే, ఇది అందులో 20వ వంతు వదిలితే గొప్ప. పైగా ఆకాశం నుంచి తిరిగొచ్చేది పోను నల్లదైనా చివరికి పోగొట్టుకునేది 50 నుంచి 100 వాట్లే. మెరిసే రేకు పోగొట్టుకునే ఆ కాస్త వేడినీ చుట్టూ కదిలే గాలి పూడ్చేస్తుంది.

అందుకని రేకుకు మెరుపులేని నల్ల పెయింటు రెండు కోటింగులు వేయండి. తెల్ల పెయింటైనా ఫరవాలేదు, పరారుణంలో రెండూ దాదాపు ఒకటే. అడుగు పొడవున్న థర్మోకోల్ పెట్టెలో, అడుగున రెండంగుళాల థర్మోకోల్ వేసి, దానిమీద రేకు పరవండి. అక్వేరియాలకు వాడే ప్రోబ్ థర్మామీటరు కొనను రేకు కింద టేపుతో అంటించండి. పైన పల్చటి పాలిథీన్ కవరు బిగుతుగా లాగి కట్టాలి. గాజుగానీ అక్రిలిక్‌గానీ పెడితే ప్రయోగం అక్కడితో సరి: 8 నుంచి 13 మైక్రోమీటర్ల కిరణాలకే గాలిని దాటి పైకి పోయే దారి ఉంది, ఆ రెండూ వాటినే ఆపేస్తాయి.

ఇలాంటిదే రెండో పెట్టె చేసి, దానికి జానెడు ఎత్తున అట్ట గొడుగులా పెట్టండి. గాలి రెండిటికీ ఒకటే, ఆకాశం ఒకదానికే. థర్మామీటర్లు రెండూ ముందు ఒకే గ్లాసు నీళ్లలో ముంచి, తేడా ఉంటే రాసుకోండి.

శ్లాబు చీకటి పడ్డాక కూడా గంటల తరబడి పగటి ఎండను కక్కుతూనే ఉంటుంది. పెట్టెలు స్టూలు మీద, పిట్టగోడకూ నీళ్ల ట్యాంకుకూ దూరంగా ఉంచండి. డిసెంబరు, జనవరిలో మబ్బులేని రాత్రి 7 నుంచి 10 దాకా పావుగంటకోసారి రాయండి. రెండు పెట్టెల మధ్య 3, 4 డిగ్రీల తేడా వస్తే చాలా బాగా వచ్చినట్టు.

ఇక్కడ అసలు చిక్కు కృష్ణ ఒడ్డు తేమ. కవరు మీద మంచు పట్టిందంటే ఆ నీటిపొర కిరణాల్ని మింగేస్తుంది, రీడింగు కదలదు. మెత్తటి నూలుగుడ్డతో తుడుస్తూ ఉండండి.

తాకకుండా దూరం నుంచే ఉష్ణోగ్రత చూపే ఇన్‌ఫ్రారెడ్ గన్ను వాడేట్టయితే జ్వరం చూసేది కాకుండా మైనస్ 50 దాకా చూపేది తీసుకోండి. దాన్ని ఆకాశం వైపు, తలకు నిట్టనిలువుగా పైకి ఒకసారి, చుక్కలు దిగే అంచు వైపు ఒకసారి గురిపెట్టి చూడండి: అంచు వైపు గాలి మందం ఎక్కువ, అంకె పెరుగుతుంది. మబ్బుతునక అడ్డొస్తే మరీ పెరుగుతుంది. మెరిసే రేకు మీద మాత్రం గన్ను పెట్టొద్దు. అందులో ప్రతిబింబించే ఆకాశాన్ని చదివి, రేకే గడ్డకట్టిందన్నట్టు చూపిస్తుంది. చూడాల్సివస్తే రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దానిమీద చూడండి.